ఆదివారం ఎవరి ఆజ్ఞ?

ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో జాన్ క్లౌ దొర కొత్తగా చేరిన మాదిగలకు పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన సంఘం అది. దాని కబురును మాదిగపల్లెలకు మోసినవాడు తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య.

చూడ్డానికి మూడూ మతం మాటలే. కానీ ఊరికి తగిలిన దెబ్బ వేరే చోట తగిలింది. రైతుకు చెప్పులు కుట్టడం, కపిలకు తోలుబాన బాగుచెయ్యడం, చచ్చిన ఎద్దును లాగెయ్యడం, పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టడం మాదిగ వంతు. అందుకు కళ్లం దగ్గర కొలిచే మేరే వాళ్ల తిండి. ఆ మనిషి ఏడు రోజులకొకసారి రానన్నాడు, డప్పు ముట్టనన్నాడు. మునసబు, కరణాలకు ఇందులో దేవుడు కనిపించలేదు, వెట్టివాడి తిరుగుబాటు కనిపించింది. వేధింపులు మొదలయ్యాయి. క్లౌ జ్ఞాపకాల పుస్తకంలో వాటి ప్రస్తావన చాలా చోట్ల ఉంది.

ఇంతకీ ఈ ఆదివారం నియమం ఎక్కడిది? యూదుల విశ్రాంతి దినం శనివారం. యూదేతరులు సంఘంలోకి వచ్చినప్పుడు వాళ్లకు మోషే ధర్మశాస్త్రమంతా వర్తిస్తుందా అని యెరూషలేములో పెద్ద తగవే జరిగింది. అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం ప్రకారం చివరికి నాలుగు నిషేధాలతో సరిపెట్టారు. వాటిలో విశ్రాంతి దినం ఊసే లేదు. దినాలనూ నెలలనూ పట్టుకు వేలాడుతున్నారని గలతీ సంఘాన్ని పౌలు గట్టిగానే మందలించాడు. ఆదివారం సెలవును చట్టం చేసింది రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్, క్రీ.శ. 321లో. ఆయన కూడా పట్నాలకే సెలవిచ్చాడు, అదను తప్పకూడదని సేద్యాన్ని మినహాయించాడు. ఒంగోలు చేలగట్టున నిలబడ్డ మాదిగకు మాత్రం ఆ మినహాయింపు లేదు.

చచ్చిన గొడ్డు సంగతి ఇంకా విచిత్రం. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం దాన్ని తినవద్దంటూనే, ఊళ్లో ఉన్న పరదేశికి ఇవ్వొచ్చు, అన్యుడికి అమ్మొచ్చు అంటుంది. మన పల్లెల్లో ఆ పరదేశి స్థానం ఎవరిదో చెప్పనక్కర లేదు. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన గొడ్డు మాంసం మానమనే చెప్పారు. ఆయన స్వర్గం చూపించలేదు, నరకంతో బెదిరించలేదు. ఆత్మగౌరవం అన్నారు. నియమం అదే, దేవుడు లేకుండానే నిలబడింది.

మళ్లీ ఒంగోలుకు వస్తే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఇది నేటికీ మహాద్భుతమే. దాని ముందున్న 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ తీసుకున్న కాంట్రాక్టు, అక్కడ దొరికిన కూలి మాత్రం ఆ ప్రసంగాల్లో మెల్లగా వెనక్కి జరుగుతాయి. కూడు చూపి మతం మార్చారన్న మాట పడకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపిన మాటా నిజమే. అయినా కరణం కసిరే చోట పేరు పెట్టి పిలిచినవాణ్ణి నమ్మడానికి అద్భుతం అక్కరలేదు. వాళ్లు తూకం వేసింది వేదాంతాన్ని కాదు, మనిషిని.

విశ్రాంతి దినం ఏదన్న తగవు మాత్రం నేటికీ తీరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు, క్రైస్తవంలో ఉండి వచ్చినవాళ్లే, ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకుంటూ 1991 నుంచి ప్రార్థనా మందిరం నడుపుతున్నాయి. వాళ్ల పవిత్ర దినం శనివారం. గొడ్డు మాంసం తినడం, శవాన్ని పూడ్చడం తమ పూర్వపు యూదుతనానికి గుర్తులని వాళ్ల వాదన. ఈ అలవాట్లు ఎందరికో ఉన్నాయి. వాటితో రెండున్నర వేల ఏళ్ల వంశవృక్షం లేవదు. అయితే ఈ కుటుంబాల్ని వెక్కిరించే ఆదివారపు క్రైస్తవుడికీ తన రోజు సీనాయి కొండ మీద నుంచి దిగిందని చూపే ఆధారమేమీ లేదు. ఇక మిరపకోతల కాలంలో మేస్త్రీ శనివారమూ చూడడు, ఆదివారమూ చూడడు. ఆ రోజు చేలోకి దిగకపోతే పోయేది ఒక పూట పుణ్యం కాదు, ఒక రోజు కూలి.