గ్రైండర్‌కి స్మార్ట్ ప్లగ్ పెడుతున్నారా?

రాత్రి మినప్పప్పు నానబోసి, పొద్దున్నే ఫోన్ నొక్కితే గ్రైండర్ తిరగాలని ఎవరికి ఉండదు! అమెరికాలో చాలా స్మార్ట్ ప్లగ్‌ల మీద 10 లేదా 15 ఆంప్స్ అని ఉంటుంది. ఆ అంకె సాధారణంగా హీటర్ లాంటి వాటి లెక్క. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. రోజూ ఆ దెబ్బ తగిలితే ప్లగ్ లోపలి రిలే అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోన్‌లో ఆఫ్ చేసినా మోటారు ఆగదు. మోటారుకి ఎన్ని హెచ్‌పీ వరకు పనికొస్తుందో ప్లగ్ వివరాల్లో చూడండి. ఆ మాటే లేకపోతే వాడకండి.

అసలు భయం చేతుల గురించి. పొత్రం పక్క నుంచి పిండి తీస్తుండగా షెడ్యూల్ టైమైనా, పక్కగదిలో పిల్లలు ఫోన్ నొక్కినా, పోయిన కరెంటు వచ్చినా రాయి తిరగొచ్చు. చెయ్యి పెట్టేముందు గోడ నుంచి ప్లగ్ తీసేయండి. పిండి గట్టిపడి రాయి ఆగిపోతే మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. అందుకే తిరుగుతున్నంతసేపూ దగ్గర మనిషి ఉండాలి.

ఫ్రిజ్‌కి అసలే వద్దు. ఆపి వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్‌కి దెబ్బ. మీకు తెలియకుండా ఆఫ్ అయితే ఫ్రీజర్‌లో గోంగూర, చేపలు అన్నీ పాడు.

టైమర్ ఉన్న గ్రైండర్ కొనుక్కుంటే ఈ ప్లగ్ అవసరమే రాదు.