విద్యుద్వాద్యములు – శాస్త్రీయ సంగీతము

శాస్త్రీయ సంగీతమును విద్యుద్వాద్యములపై వాయించు రాక్ బృందములను జూచి సంప్రదాయజ్ఞులు కొందఱు కినుక వహించుచున్నారు. వారి కోపము తగుచోట బడుట లేదు.

రష్యా దేశీయుడగు ముస్సోర్గ్‌స్కీ, దివంగతుడైన తన మిత్రుడు హార్ట్‌మన్ చిత్రముల ప్రదర్శనమును స్మరించి, 1874లో నొక కృతిని పియానో కొఱకు రచించెను. 1922లో ఫ్రెంచి విద్వాంసుడు రావెల్ దానిని వాద్యబృందమునకు మార్పగా లోకము శ్లాఘించెను. 1971లో ఎమర్సన్, లేక్, పామర్ అను ఆంగ్ల రాక్ బృందము న్యూకాసిల్ నగరమున దానినే విద్యుద్వాద్యములపై వాయించెను. పది చిత్రములలో నాలుగింటినే గ్రహించి, స్వకీయ గీతములను జేర్చెను. విమర్శింపదగిన దీ కత్తిరింపే గాని విద్యుత్తు గాదు.

పరదేశీయమని త్రోసివేసియున్నచో మన కచ్చేరీలలో ఫిడేలు నిలిచెడిది కాదు. విద్యుత్తుతో మ్రోగునని నిరాకరించియున్నచో, పాలకొల్లున జన్మించిన శ్రీనివాస్ చేతి మాండొలిన్‌పై కర్ణాటక గమకములు వినబడియుండెడివి కావు. తీగ నాదమును నిలిపి యా గమకములకు తావొసగినది విద్యుత్తే. పలికించినది మాత్రము బాల్యమునుండి చేసిన సాధన.

కావున సంగీతసభలు నూతన వాద్యములకు తలుపులు మూయ నక్కఱలేదు. అయితే మూలకృతిని సమగ్రముగ నేర్వక దానిని మార్పబూనువారికి వేదిక నొసగరాదు. యువకులు తొలుత నేర్తురు గాక. పిమ్మట నే వాద్యము నెత్తుకొన్నను మనము విందము.