హాల్లోకొచ్చే కంప్యూటర్‌కు మన మాటా అడగాలి

ఇంట్లోకి గ్రైండరు కొనాలంటే మనల్ని అడుగుతారు. ఎన్ని లీటర్లది కావాలి, వంచి పిండి తీసుకునేదా, గిన్నె ఎత్తుకునేదా, అంతా మనమే చెప్పాలి. ఫ్రిజ్ కొన్నా, వాషింగ్ మెషిన్ కొన్నా అంతే. అదే హాల్లో టీవీకి కలిపే కంప్యూటర్ కొనాలంటే మాత్రం ఆ మాట మన దాకా రాదు. మగవాళ్ళూ, కాలేజీకి పోయే పిలకాయలూ కూచుని ఏవో నంబర్లు లెక్కలు వేసుకుంటారు. "నీకెందుకులేమ్మా, అదంతా టెక్నికల్" అంటారు. సామాను ఇంటికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలి, దుమ్మెవరు తుడవాలి, కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది అన్న ప్రశ్నలన్నీ వరసగా మన ముందుకే వస్తాయి.

నేననేది ఒకటే. హాల్లో పెట్టే వస్తువు గురించి ఆ హాలు చూసుకునే మనిషి మాట మొదట వినాలి. పంతానికి చెప్పడం లేదు. సినిమాలూ, పాటలూ, ఇంటి ఫోటోలూ టీవీలో చూపించడానికి పెట్టుకునే కంప్యూటర్‌ను హోమ్ థియేటర్ కంప్యూటర్ అంటున్నారు కదా. అది బాగా పనిచేయాలంటే తేల్చుకోవాల్సినవి చాలావరకు ఇంటి విషయాలే. వేడి, దుమ్ము, చప్పుడు, కరెంటు, రిపేరు, పెద్దవాళ్ళకు వాడటం వస్తుందా రాదా. వీటిలో మనకు తెలియనిదేముంది చెప్పండి?

టెక్నికల్ సంగతులు ఆడవాళ్ళకెందుకు అనేవాళ్ళు మన చుట్టుపక్కలే ఒకసారి చూడాలి. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2015లో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. అక్కడ వరసగా కూచుని ఫోన్లు బిగించినవాళ్ళలో అత్యధికులు ఆడపిల్లలే. 2018లో అదే షావోమీ, తిరుపతిలోని డిక్సన్ కర్మాగారంలో టీవీలు తయారు చేయిస్తామని ప్రకటించింది. చీమ తలంత స్క్రూలు బిగించి, పరీక్ష చేసి, దేశం మీదికి పంపిన చేతులు మన పిల్లలవి. అంగడికి పోతే మాత్రం లెక్క మారిపోతుంది. మొన్నామధ్య మా ఆడబిడ్డ చిత్తూరులో ఒక అంగడికి పోయింది. ప్రశ్నలన్నీ ఆమె అడుగుతా ఉంటే, జవాబులన్నీ అంగడి అబ్బాయి పక్కనున్న మా అన్నయ్యకు చెప్పాడట. ఆయనేమో ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటా ఉన్నాడు!

సరే, అసలు ఇది మనకు కావాలా? ఓటీటీలో సినిమాలు, యూట్యూబులో వంటలు, పాటలు చూడటమే మీ పనైతే కంప్యూటర్ అక్కర్లేదు. ఇప్పటి స్మార్ట్ టీవీల్లోనే అవన్నీ ఉంటాయి. పాత టీవీ అయితే వెనకాల గుచ్చే చిన్న స్టిక్కు చాలు. పైగా కొన్ని ఓటీటీలు కంప్యూటర్లో కన్నా టీవీలోని యాప్‌లోనే బొమ్మను స్పష్టంగా చూపిస్తాయి. అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. పిల్లవాడు "హోమ్ థియేటర్" అంటూ పెద్ద గ్రాఫిక్స్ కార్డు అడుగుతున్నాడంటే, వాడి మనసులో ఉండేది సినిమా కాదు, గేములు. కొనిస్తారో లేదో మీ ఇష్టం. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

మరి ఎవరికి కావాలి? బీరువాలో చీరల కింద పెళ్ళి క్యాసెట్లు దాచుకున్నవాళ్ళకు. డబ్బా నిండా సీడీలు, డీవీడీలు ఉన్నవాళ్ళకు. నాలుగు పాత ఫోన్లలో పిల్లల ఫోటోలు చిక్కుకుపోయినవాళ్ళకు. అంటే, మనలో చాలామందికి.

మా పెళ్ళి 1993లో చిత్తూరులో జరిగింది. ఆ క్యాసెట్లో మా నాయన కండువా సర్దుకుంటా వచ్చినవాళ్ళను పలకరిస్తా తిరుగుతుంటాడు. మా అవ్వ వక్కాకు నములుతా నవ్వుతుంది. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ ఫోటోలు ఉన్నాయి గానీ, వాళ్ళు నడవడం, నవ్వడం ఆ ఒక్క క్యాసెట్లోనే ఉంది. అది ఏ ఓటీటీలోనూ దొరకదు. క్యాసెట్ టేపు మీద ఉండేది అయస్కాంతపు పూత. ఏళ్ళు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వీసీఆర్లు తయారు చేస్తా వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లో ఆ పని ఆపేసింది. అంటే క్యాసెట్లూ పాడవుతున్నాయి, వాటిని ఆడించే మిషన్లూ కనుమరుగవుతున్నాయి. వాటిని ఫైళ్ళుగా మార్పించి ఇంట్లో ఒకచోట పెట్టుకోవడానికే ఈ కంప్యూటర్. ఇంటి జ్ఞాపకాలకు ఇది ఒక బీరువా అనుకోండి. బీరువా ఎంచుకోవడం మనకు కొత్తా?

బీరువా అన్నాం కాబట్టి ముందు పెట్టె సంగతి చూద్దాం. అంగళ్ళలో దీన్ని క్యాబినెట్ అంటారు. సాధారణంగా ప్రాసెసర్, మదర్‌బోర్డు ఎంచుకుని, చివర్లో మిగిలిన డబ్బుకు ఏదో ఒక క్యాబినెట్ తగిలిస్తారు. హాలు కోసమైతే వరస తిరగబడాలి. ముందు టేపు తీసుకుని టీవీ కింద అర ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఎంత లోతు ఉందో కొలవండి. వెనక వైర్లకూ, గాలికీ ఒక బెత్తెడు వదలండి. మిగిలిన చోట్లో పట్టే క్యాబినెట్ చూడండి. పాత వీసీఆర్ లాగా పడుకోబెట్టే రకాలు ఉంటాయి. టీవీ యూనిట్‌కు అవే ఒద్దికగా ఉంటాయి.

మన ఇళ్ళల్లో షోకేసుకు అద్దాల తలుపులు ఉంటాయి. లోపల కంప్యూటర్ పెట్టి ఆ తలుపులు మూస్తే అది మూతపెట్టిన ఇడ్లీపాత్రే. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గది వేడి మీద పెట్టె వేడి కలిస్తే లోపలి భాగాలు నెమ్మదిస్తాయి, ఆయుష్షూ తగ్గుతుంది. కాబట్టి ఆ అరకు తలుపు తీసేయండి, లేదా వెనక చెక్కకు పెద్ద రంధ్రం కోయించండి. వడ్రంగికి అది అరగంట పని.

తర్వాత ఫ్యాను. చిన్న ఫ్యాను ఎక్కువ గాలి తోయాలంటే వేగంగా తిరగాలి. అందుకే గీమని అరుస్తుంది. 12 సెంటీమీటర్ల ఫ్యాను నిదానంగా తిరిగి కూడా అంతే గాలి ఇస్తుంది. రాత్రి పూట సినిమాలో గుసగుసలు వినపడాలంటే పెద్ద ఫ్యాను పట్టే పెట్టె అడగండి. గాలి లోపలికి పోయేచోట జల్లెడ లాంటి వల ఉండాలి, అది చేత్తో ఊడదీసి కడుక్కునేట్టుండాలి. దుమ్ముకే కాదు, మన ఇళ్ళల్లో బల్లులకూ చీమలకూ ఆ వెచ్చటి పెట్టె అంటే మహా ఇష్టం! ఇంకోమాట, ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టెపైన పెట్టుకోండి, గాలి పోయే రంధ్రాల మీద వద్దు.

ఇక రిపేరు. కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే భాగాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. మరీ చిన్న ముచ్చటైన క్యాబినెట్లకు దాని కొలతే వేరుగా ఉంటుంది. అది కాలిపోతే మన ఊళ్ళో వెంటనే దొరకకపోవచ్చు, చెన్నై రిచీ స్ట్రీట్ దాకా పోవాల్సి రావచ్చు. మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ పట్టే పెట్టె అయితే మన ఊరి మెకానిక్కే మార్చేస్తాడు. బోర్డు విషయంలోనూ ఇంతే. 17 సెంటీమీటర్ల చదరం ఉండే మినీ ఐటీఎక్స్ బోర్డు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ, రకాలు తక్కువ, ధర ఎక్కువ. 24 సెంటీమీటర్లకు కాస్త పైన ఉండే మైక్రో ఏటీఎక్స్ బోర్డు సుళువుగా దొరుకుతుంది. చోటుంటే అదే మేలు.

చోటు లేదా? అరచేతిలో పట్టే మినీ పీసీలు వచ్చాయి. టీవీ వెనకే బిగించుకోవచ్చు. ఇంటెల్ 2023లో తెచ్చిన ఎన్100 లాంటి ప్రాసెసర్ వేసినవి సినిమాలకు, ఫోటోలకు చాలు. పాడైతే ముక్క ముక్కగా మార్చుకోవడం కష్టం, అదొక్కటే లోటు.

లోపలి భాగాల్లో మనం మోసపోయేది ఎక్కువ కొని. సినిమా చూపించడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఒకటి, "హెచ్ఈవీసీ 10 బిట్, ఏవీ1 వీడియోలను గ్రాఫిక్సే విప్పుతుందా?" అని. ఇవి వీడియోలను చిన్నగా మడతపెట్టే పద్ధతులు. ఇంటెల్‌లో 2017 నాటి ఏడో తరం నుంచి మొదటిది, 2020లో మొదలైన పదకొండో తరం నుంచి రెండోది వస్తాయి. రెండు, "హెచ్‌డీఎంఐ 2.0 ఉందా?" అని. 4కె టీవీకి పాత 1.4 కలిపితే సెకనుకు 30 బొమ్మలే వస్తాయి, 2.0 అయితే 60. ర్యామ్ 8 జీబీ సరిపోతుంది.

కరెంటు లెక్క కూడా చూడండి. వంద వాట్లు తాగే కంప్యూటర్ రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు. పాతిక వాట్లదైతే నాలుగు యూనిట్లు కూడా కావు. వాట్లు తక్కువైతే వేడీ తక్కువే, ఫ్యాను చప్పుడూ తక్కువే.

ఇంట్లో మూలపడిన పాత కంప్యూటర్ ఉంటే దాన్ని పారేయకండి. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ఉచిత మద్దతు ముగిసింది కదా అని చాలామంది పాత మిషన్లను తూకానికి వేస్తున్నారు. అలాంటి వాటిలో లినక్స్, దానిమీద కోడి అనే ఉచిత ప్రోగ్రాం వేయిస్తే ఇంటి వీడియోలూ, ఫోటోలూ, పాటలూ చక్కగా ఆడతాయి. ముందు అలా వాడి చూసి, చాలకపోతేనే కొత్తది కొనండి.

దాచేచోటు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. కంప్యూటర్ చురుగ్గా లేవడానికి చిన్న ఎస్ఎస్‌డీ, సరుకు నింపడానికి పెద్ద హార్డ్‌డిస్క్. మూడు గంటల క్యాసెట్ మామూలుగా ఆరేడు జీబీ అవుతుంది కాబట్టి ఒక టెరాబైట్ డిస్కులో వంద క్యాసెట్లకు పైనే పడతాయి. కానీ డిస్కు కూడా మిషనే, ఏదో ఒకరోజు ఆగుతుంది. రెండో కాపీ ఇంకో డిస్కులో తీసి వేరే ఇంట్లో పెట్టండి. పుట్టిల్లు ఉండేది ఎందుకు మరి?

చివరగా, దీన్ని వాడేదెవరు? టీవీ రిమోట్‌తో మామూలు కంప్యూటర్ నడవదు. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని అత్తమ్మ మనవడి బారసాల చూస్తుందా? యూఎస్‌బీకి గుచ్చే రిమోట్ ఒకటి విడిగా కొనాలి. ప్రతి ఫోల్డరుకూ ఒక ఫోటో పెడితే ఇంగ్లీషు చదవలేనివాళ్ళు కూడా ముఖం చూసి నొక్కుతారు. ఎస్వీబీసీలో స్వామివారి కల్యాణం చూడాలన్నప్పుడు మళ్ళీ టీవీకి ఎలా రావాలో కూడా ఒక్క మీటతో తేలాలి. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టించండి. బిగించే అబ్బాయి పని ముగించి లేచేముందు, ఇంట్లో పెద్దామె చేత ఒకసారి నడిపించి చూడండి. ఆమెకు వస్తే ఆ పని అయినట్టు, రాకపోతే కానట్టు.

ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని అంగడికి పోండి. జవాబు మీ పక్కనున్న ఆయనకు చెబుతుంటే, "అబ్బాయ్, అడిగింది నేను కదా, నాకు చెప్పు" అనండి. చెప్పకపోతే పక్కంగడి ఉంది. బిల్లు, వారంటీ కాగితాలు మీ పేరుతో తీసుకోండి.

కంప్యూటర్ ఈ నెల కొన్నా, ఆరు నెలల తర్వాత కొన్నా ఫరవాలేదు. బీరువాలోని క్యాసెట్లను మాత్రం ఈ వారమే బయటికి తీసి, మంచి వీసీఆర్ ఉన్న స్టూడియో ఎక్కడుందో విచారించండి. అవి ఎక్కువ రోజులు ఆగవు.