ముందు చేయి, తరువాత ఎక్స్‌రే

మిరప కోతల రోజులలో నందిగామ ప్రాంతపు రైతు ఒకరు నా యొద్దకు వచ్చిరి. పైరు సంగతి అయిన పిమ్మట సెల్‌ఫోను తీసి, తమ యింటి పామెరేనియన్ కుక్క ఎక్స్‌రే చూపిరి. ఆ కుక్క నడుచుచునే వెనుక కాలు ఎత్తి, మూడు కాళ్లపై నాలుగడుగులు గెంతి, మరల మామూలుగ నడచునట. ఎక్స్‌రేలో మాత్రము మోకాటి చిప్ప చోటనే యున్నది. "అయితే జబ్బు లేనట్లేనా?" యని వారి ప్రశ్న. నేను పైరుల పని చూచువాడనే గాని పశువైద్యుడను గాను. అయినను పశువైద్యుల నడిగి, చదివి తెలిసికొనినంతలో నా అభిప్రాయము చెప్పుచున్నాను.

తొడ ఎముక చివర ఒక గాడి కలదు. కప్పీపై తాడు వలె మోకాటి చిప్ప ఆ గాడిలో జారుచుండవలెను. చిన్నజాతి కుక్కలలో, పుట్టుకతో వచ్చిన ఎముకల తీరు వలన, అది గాడి తప్పి తరచు లోపలి ప్రక్కకు పోవును. 1969లో సింగిల్టన్ ఇచ్చిన పద్ధతి ననుసరించి దీనిని నాలుగు తరగతులు చేయుదురు. మొదటి దానిలో చేతితో నెట్టిననే చిప్ప తప్పి, వదలగనే చోటికి వచ్చును. రెండవ దానిలో తనంతట తప్పుచు, సరియగుచు నుండును. మూడవ దానిలో చాలవరకు తప్పియే యుండును, సరిచేసినను నిలువదు. నాల్గవ దానిలో చేతితో కూడ చోటికి రాదు.

ఇవి అన్నియు చేతితో తేల్చునవే. ఎక్స్‌రే యనగా ఒక్క క్షణపు బొమ్మ. ఆ క్షణమున చిప్ప గాడిలో నున్నచో బొమ్మ బాగుగనే వచ్చును. జబ్బు మాత్రము పోదు. చిప్ప పైన చిక్కుకొని కాలు ఈడ్చు ఎద్దును పశువైద్యుడు నడకలోనే గుర్తించుట మన రైతులు ఎరుగుదురు. కుక్క విషయమునను చేతి పరీక్షయే మొదలు.

అట్లని ఎక్స్‌రే వ్యర్థమని కాదు. ఎముకలు ఎంత వంగినవి, గాడి ఎంత లోతున్నది, కీలు అరిగినదా యనునవి చేతికి తెలియవు. శస్త్రచికిత్సకు ముందు ఇవి తెలియవలెను. వంకర ఎక్కువైనచో, కాలు పెట్టిన తీరును బట్టి ఎక్స్‌రేలో కొలతలు మారవచ్చును గనుక, సీటీ స్కాన్ మరింత ఉపయోగపడును.

జగ్గయ్యపేట నుండి గన్నవరము పశువైద్య కళాశాలకు పోవలెనన్న విజయవాడ దాటవలెను. రానుపోను ఒక రోజు పని చెడును. కావున ముందుగ దగ్గరి పశువైద్యశాలలో రెండు మోకాళ్లను చేతితో పరీక్ష చేయించుడు. తరగతి యెంత యని అడిగి వ్రాయించుకొనుడు. శస్త్రచికిత్స అవసరమని వైద్యుడు చెప్పినపుడు ఎక్స్‌రేకు ప్రయాణము కట్టుడు. కుంటు నడచుచుండగ సెల్‌ఫోనులో తీసి చూపినచో వైద్యునికి మేలు.

ఒక్క జాగ్రత్త మరువరాదు. ఎదుగుచున్న పిల్ల కాళ్లు వంకరగ వంచి ప్రాకునట్లు నడచినను, ఎప్పుడో గెంతు కుక్క హఠాత్తుగ కాలు మోపుట మానినను జాగు చేయవలదు. మోకాటి లోపలి నరమువంటి బంధనము తెగి యుండవచ్చును. ఈ లోపమున్న కుక్కను ఈత కట్టింపరాదు, పిల్లలకు సంక్రమించును.

నా మిత్రుడైన ఆ రైతుతో నేను చెప్పినది ఇంతే: బొమ్మ బాగున్నదని ఊరకుండవలదు, కుక్కను ఒకసారి వైద్యుని చేతికి ఇండు.