పునాది పైసలు

ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఇచ్చేది 5 లక్షలు. అందులో మొదటి లక్ష చేతికందాలంటే ముందు బేస్‌మెంట్ కట్టి చూపించాలి. ముగ్గు పోసిన రోజు నుంచి అధికారి వచ్చి ఆ బేస్‌మెంట్‌కు ఫొటో తీసేదాకా పెట్టే పైసలు ఎవరివి? కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో మంజూరు కాగితం అందిన ఇంట్లో ఆ రాత్రి నడిచే ముచ్చట ఇదే. జాగ ఉంది, కాగితం ఉంది, మేస్త్రీ కూడా సరేనన్నాడు. మేస్త్రీ చేతిలో పెట్టే బయానా మాత్రం లేదు.

అప్పుడు పుస్తెలతాడు కుదువకు పోతుంది. లేదంటే ఇంకా ఏడాది నడవాల్సిన చిట్టిని నష్టానికి పాడుకుంటారు. అదీ కాకపోతే నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు. మహిళా సంఘాల ద్వారా అప్పు ఇప్పించే ఏర్పాటు ఉంది, మంచిదే. కానీ అదీ అప్పే. సొంతింటి తొలి రాయి అప్పు మీద పడితే, గృహప్రవేశం నాటికి ఇల్లు మనది, తలమీద బరువూ మనదే.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ లెక్క ఒకసారి వేసి చూద్దాం. నెలకు 1,500 రూపాయల చొప్పున 60 నెలలు కడితే మన పైసలు 90 వేలవుతాయి. 2023 అక్టోబరు నుంచి అమలైన 6.7 శాతం వడ్డీతో ఐదేళ్లు నిండేసరికి 1 లక్షా 7 వేల పైచిలుకు చేతికొస్తుంది. అంటే బేస్‌మెంట్‌కు సర్కారు ఇచ్చే లక్షకు కాస్త పైనే. వచ్చిన వడ్డీ 17 వేలే కదా అని పెదవి విరిచేవారు ఉంటారు. అదే లక్షను రెండు రూపాయల మిత్తికి తెచ్చుకుంటే ఒక్క ఏడాదికే 24 వేలు కట్టాలి. ఐదేళ్లు దాచుకున్నందుకు వచ్చేదానికన్నా ఏడాది అప్పుకు పోయేదే ఎక్కువ. ఈ లెక్క చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు, వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టే అమ్మకు నోటిలెక్కల్లో తేలిపోతుంది. ఆమెకు తెలియక కాదు, ఐదేళ్ల కిందట ఎవరూ ఆ మాట చెప్పక.

బీడీల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ జిల్లాలో చాలామంది ఆడవాళ్ల చేతిలో ఇప్పటికే ఒక సర్కారు ఖాతా ఉంది. దాన్ని వాళ్లు ఇంటి ఖాతాగా ఎన్నడూ చూడలేదు. అది పీఎఫ్, అంటే భవిష్యనిధి. బీడీ పరిశ్రమకు అది 1977లో వర్తించింది. ఖార్ఖానాలో కాక ఇంట్లో చాట ముందేసుకుని చుట్టేవాళ్లు ఉద్యోగులెలా అవుతారని యజమానులు కోర్టుకెక్కారు. వాళ్లూ ఉద్యోగులేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. తునికాకు, జర్దా, దారం తెచ్చుకుని పొద్దంతా వంగి కూర్చునే ఆ పనికి దక్కిన గౌరవాల్లో అది పెద్దది. చాలా పరిశ్రమల్లో పీఎఫ్ కోత 12 శాతం, బీడీలకు 10 శాతం. యజమాని వాటాలో ఎక్కువ భాగం పెన్షన్ పద్దుకు పోతుంది. కాబట్టి జమయ్యేది కొంచెమే. అయినా ఇరవై ఏళ్లు చుట్టిన చేతుల కింద ఆ కొంచెం కొంచెమే కుప్ప పడుతుంది. దాని మీద వడ్డీ ఇటీవలి ఏళ్లలో 8.25 శాతం, పోస్టాఫీసు ఆర్‌డీకన్నా మేలు.

ఆ నిధి నుంచి ఇంటికోసం తీసుకోవచ్చు. ఖాతాలో ఉన్నంత మేరకు జాగ కొనడానికి 24 నెలల జీతం దాకా, కట్టుకోవడానికి 36 నెలల జీతం దాకా తీసుకోవచ్చన్నది ఏళ్లుగా ఉన్న నిబంధన. ఐదేళ్ల సభ్యత్వం ఉండాలన్న షరతును ఏడాదికి తగ్గించాలని, నిధిలో పావు వంతును మాత్రం కదపకుండా ఉంచాలని 2025 అక్టోబరులో భవిష్యనిధి సంస్థ ధర్మకర్తల మండలి నిర్ణయించింది. ఆ పావు వంతు నియమం మాకు నచ్చింది. ఇల్లు కట్టుకుని ముసలితనాన్ని ఖాళీ చేసుకోకూడదు కదా. ఇంకో సంగతి, ఇందిరమ్మ ఇల్లు మంజూరయ్యేది ఇంటి ఆడమనిషి పేరుతో. పీఎఫ్ పాసుబుక్కూ ఆమె పేరునే ఉంది. రెండు కాగితాల మీదా ఒకే పేరు ఉండటం ఈ ప్రాంతంలో అరుదైన అదృష్టం.

పేరు ఒకటే, అక్షరాలే ఒకటి కావు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు. ఒకచోట ‘లక్ష్మి’, మరోచోట ‘లచ్చవ్వ’. పుట్టిన తేదీ సంగతి సరేసరి, ఎప్పుడో ఖార్ఖానాలో అందాజుగా రాసిందే. ఈ తేడా సరిచేసుకునేసరికి వానాకాలం వచ్చి తీసిన గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. 2025 ఆగస్టు చివర కామారెడ్డిని ముంచెత్తిన వాన చూసినవాళ్లకు ఆ ఆలస్యం విలువ తెలుసు.

ఇతర సర్కారు ఖాతాల గురించి రెండు ముక్కలు. సుకన్య సమృద్ధి ఆడపిల్ల చదువుకూ పెళ్లికీ. దాన్ని ఇంటికి మళ్లించాలని చూడొద్దు, కుదరదు కూడా. పీపీఎఫ్ పదిహేనేళ్ల వ్యవహారం, ఏడో ఏడు నుంచి కొంత తీసుకోవచ్చు. కామారెడ్డి పట్టణంలో చిన్న ఉద్యోగం చేస్తూ కిరాయింట్లో ఉంటున్న కుర్రాళ్లకు అది పనికొస్తుంది.

ఈ ఖాతాల్లో ఏదీ ‘తొలి ఇల్లు’ అన్న పేరుతో పుట్టింది కాదు. బయట అలాంటివి ఉన్నాయి. కెనడాలో 2023 ఏప్రిల్ నుంచి మొదటి ఇల్లు కొనేవారికి ప్రత్యేక ఖాతా ఉంది. ఏడాదికి 8 వేల డాలర్లు, మొత్తం 40 వేలు పన్ను లేకుండా దాచుకోవచ్చు. బ్రిటన్‌లో 2017లో వచ్చిన ఖాతాలో నాలుగు పౌండ్లు వేస్తే ప్రభుత్వం ఒక పౌండు కలుపుతుంది. సింగపూర్ 1968లోనే భవిష్యనిధిని ఇంటికి వాడుకోనిచ్చింది. మనకూ ఆలోచన కొత్తదేం కాదు. జాతీయ గృహ బ్యాంకు 1989లో సొంతిల్లు లేనివారికోసం ఒక పొదుపు ఖాతా తెచ్చింది, ఐదేళ్లు దాచుకుంటే దానికి కొన్ని రెట్లు రుణం. అది నిలవలేదు. ఇక్కడ చాలా ఇళ్లకు స్లాబు పడింది గల్ఫ్ పైసలతో, ఆ పైసలు పంపిన తమ్ముళ్లకైనా ఇలాంటి ఖాతా ఒకటి ఉంటే బాగుండేది.

నెలకు 1,500 మిగిలే ఇల్లేనా అది అని అడగొచ్చు, అడగాలి కూడా. ఖార్ఖానాలో సగం రోజులు కూడా పని దొరకని నెలలుంటాయి. 100 రూపాయలతోనైనా ఆర్‌డీ తెరవొచ్చు, కానీ 100 రూపాయలతో బేస్‌మెంట్ లేవదు. దాచుకోలేదని పేదలను తప్పుపట్టే పాఠం ఇక్కడ ఎవరూ చదవనక్కర్లేదు. వాళ్లు దాచుకున్నది వాళ్లకు సకాలంలో అందేలా చూస్తే చాలు.

భవిష్యనిధి సంస్థ ప్రతి నెలా 27న జిల్లాకో శిబిరం పెడుతోంది. కామారెడ్డి శిబిరాన్ని అప్పుడప్పుడైనా ఎల్లారెడ్డికి, బీడీ ఖార్ఖానాలున్న పల్లెలకు తీసుకురండి. అదే బల్ల దగ్గర గృహనిర్మాణ శాఖ ఇంజినీరునూ కూర్చోబెట్టండి. పేర్లలో అక్షరాలు అక్కడే సరిచేసి, దరఖాస్తు అక్కడే తీసుకోండి. పుస్తెలతాడు కుదువకు పోకముందే.