క్రీడాకారుల మౌనము – పత్రికల హక్కు

కృష్ణవేణి సాగరమున గలియు చోట, హంసలదీవికి అనతిదూరమున, పాలకాయతిప్ప యను పల్లె కలదు. ఆదివారములందును పర్వదినములందును గుడివాడ, బందరు పట్టణములనుండి జనులు కార్లలో అచటి సముద్రతీరమునకు పోవుచుందురు. కొంతకాలము క్రిందట ఒక ఉదయమున మేమును అచట నుంటిమి. వేకువకు ముందే సముద్రముమీదికి పోయిన పడవ యొకటి ఒడ్డునకు చేరుచుండెను. పడవ యింకను నీటిలోనే యుండగా పట్నవాసపు యువకులు నలుగురు మోకాలిలోతు నీటిలోనికి దిగి, చేతిఫోనులు ముందునకు సాచి, "ఏం పడ్డాయి? ఎన్ని పడ్డాయి? అంతేనా?" అని అడుగజొచ్చిరి. పడవలోనివారి ముఖములు చూచినచో వలలో నేమియు లేదని యెవరికైనను తెలియును. ఒడ్డున గంపతో గూర్చున్న ముసలమ్మ యొకతె, "ముందు ఒడ్డెక్కనియ్యండి బాబూ, ఆనక అడుగుదురు గాని" అన్నది. యువకులు నవ్విరి. ఫోనులు మాత్రము దించలేదు.

ఆ ముసలమ్మ చెప్పినది మన దేశమున నూతనధర్మము కాదు. బయలుదేరు వానిని ఎక్కడికని అడుగరాదు. వచ్చినవానికి కాళ్లకు నీళ్లియ్యక కుశలమడుగరాదు. ఎంత పేదయింటనైనను ఈ మర్యాద నేటికిని చెల్లుచున్నది. అయినను మా వృత్తిలోనివారు, అనగా పత్రికలవారు, ఆటగాండ్ర విషయమున ఈ మర్యాదను తలక్రిందులుగా జేసినారని చెప్పుటకు మేము సిగ్గుపడుచున్నాము. నేడు వృత్తిక్రీడలలో ఆట ముగిసి, చెమటయైన ఆరకముందే ఆటగాడు విలేఖరుల యెదుట గూర్చుండి ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనను నియమము అనేకములైన పోటీలలో నున్నది. గెలిచినను ఓడినను తప్పదు. రానిచో జరిమానా.

ఈ నియమమున గల కాఠిన్యము లోకమునకు వెల్లడియైనది 2021వ సంవత్సరమున. ఆ యేడు మే నెలలో పారిసు నగరమున ఫ్రెంచి టెన్నిసు పోటీలు ఆరంభము కాకముందు, జపాను దేశపు క్రీడాకారిణి నయోమీ ఒసాకా, తన మనస్స్వాస్థ్యమును కాపాడుకొనుటకై విలేఖరుల సమావేశములకు రానని ప్రకటించెను. అప్పటికామె వయస్సు 23 సంవత్సరములు. నాలుగు మహాపోటీలలో విజేత. తొలి ఆటలో గెలిచి, చెప్పినట్లే సమావేశమునకు పోలేదు. 15,000 డాలర్ల జరిమానా పడినది. అంతటితో ఊరకొనక, నాలుగు మహాపోటీల నిర్వాహకులును ఏకమై, ఇట్లే కొనసాగినచో పోటీనుండియే తొలగింపవలసివచ్చునని హెచ్చరించిరి. మే 31వ తేదీన ఆమె తానే తప్పుకొనెను. 2018 నాటి అమెరికా పోటీ మొదలుకొని దీర్ఘకాలము క్రుంగుబాటునకు లోనగుచుంటినని అప్పుడు చెప్పెను. ఏ బాధను బయటపెట్టుకొనకుండుటకు ఆ యువతి మౌనమును కోరెనో, ఆ మౌనమునకు కారణము చూపుటకై ఆ బాధనే లోకమెల్లయు వినునట్లు చెప్పుకొనవలసి వచ్చెను. ఇంతకంటె విపరీతమేమున్నది?

అమెరికా ఫుట్‌బాలు ఆటగాడు మార్షాన్ లించి 2015లో వేరొక ఉపాయము పన్నెను. ఆయన సమావేశమునకు వచ్చెను. ప్రతి ప్రశ్నకును, జరిమానా తప్పించుకొనుటకే యిచట నుంటినని ఒకేమాట చెప్పి లేచిపోయెను. నియమము నెరవేరినది. పాఠకునికి దక్కినదేమి?

ఇది పత్రికాస్వాతంత్ర్యమునకు సంబంధించిన విషయమని మా సోదరులు కొందరు వాదించుచున్నారు. మాకు ఆ మాట వినుటకు కష్టముగా నున్నది. 1908లో బెజవాడ "స్వరాజ్య" పత్రికలోని వ్రాతలకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై కారాగారమనుభవించిరి. ప్రశ్నించు హక్కును అట్టివారు మనకు ఆర్జించిపెట్టినది పాలకుల నడుగుటకు గాని, ఓడిపోయి వచ్చిన యొక ఆటగత్తెను "ఇప్పుడు మీ కెట్లున్నది?" అని కన్నీరు వచ్చువరకు అడుగుటకు కాదు. పైగా ఆటగాడు కూర్చుండు బల్లవెనుక నుండు తెరను పాఠకులు పరికించియుందురు. సిమెంటు, టైర్లు, చేతిఫోనులు, శీతలపానీయములు – వీనిని అమ్మువారి చిహ్నములు దానిపై గళ్లుగళ్లుగా నుండును. ఆటగాని ముఖము ఆ తెరకెదుట కొన్ని నిమిషములుండుటకు పోటీవారు ధనము పుచ్చుకొనియున్నారు. ఆ బేరములో విలేఖరియు ఒక పనిముట్టు. దీనికి స్వాతంత్ర్యమని పేరు పెట్టుకొనుట మనలను మనము వంచించుకొనుట.

పరదేశపు సంగతులు మన కేలయని అనుకొనవలదు. మన తెలుగు నేలపై నేమి జరిగినదో చూతము.

హైదరాబాదు సానియా మీర్జా ఇరువదేండ్లు నిండకమునుపే విలేఖరుల ప్రశ్నలకు గురియైనది. ఆమె ఎదుర్కొన్నవి బంతిని గూర్చిన ప్రశ్నలే కావు. పావడా పొడవును గూర్చి, మతమును గూర్చి, పిమ్మట వివాహమును గూర్చి. 2008 బీజింగు ఒలింపిక్సులో మణికట్టు నొప్పిచే ఆటను మధ్యలోనే విడిచిన తరువాత కొన్ని నెలలు క్రుంగుబాటుతో గడిపితినని ఆమెయే అనంతరకాలమున చెప్పినది. 2016లో, జంటల ఆటలో ప్రపంచమున ప్రథమస్థానమున నుండగా, ఒక ప్రసిద్ధ పత్రికారచయిత ఆమెను, స్థిరపడుట ఎప్పుడు, మాతృత్వము సంగతి యేమి యని అడిగెను. ప్రపంచమున ప్రథమస్థానమున నున్నదానికంటె ఏమి స్థిరపడుట కలదని ఆమె యెదురుప్రశ్న వేయగా, ఆ పెద్దమనిషి అచటనే క్షమాపణ చెప్పెను. ఆయన ఔదార్యమును మెచ్చుకొందము. కాని క్షమాపణ చెప్పని విలేఖరులెందరు? ఎదురు చెప్పలేక తలవంచిన బాలికలెందరు?

పూసర్ల వెంకట సింధు సంగతి మనకందరకును ఎరుకయే. 2016లో రియో నగరమున రజతపతకము గెలిచినపుడు తెలంగాణ ప్రభుత్వము 5 కోట్లు, ఆంధ్రప్రభుత్వము 3 కోట్లు ప్రకటించి, మా బిడ్డ యనిన మా బిడ్డ యని పోటీపడినవి. అదే సమయమున ఆమె కులమేమని అంతర్జాలమున వెదకినవారిలో మన రెండు రాష్ట్రములవారే అగ్రగణ్యులని వార్తలు వెలువడినవి. ఈ వ్యాసము చదువుచున్నవారిలోను అట్లు వెదకినవారుండవచ్చును; మేము పేరడుగము. ఆ తరువాత కొంతకాలము ఆమె పెద్ద పోటీలలో అంతిమపు ఆటలలో ఓడినపుడెల్ల, చివరిమెట్టుపై జారుటయే ఆమె స్వభావమైనట్లు వ్రాసిరి. 2019 ఆగస్టు 25న బాసెలు నగరమున ఒకుహరాపై 21-7, 21-7తో గెలిచి ప్రపంచవిజేత యగువరకు ఆ వ్రాతలాగలేదు. 2020 అక్టోబరులో ఆమె ఇంగ్లండునకు పోగా, తలిదండ్రులతో కలహించి పోయినదని వార్త పుట్టినది. అది అబద్ధమని, వ్రాసినవారు మానకున్నచో న్యాయస్థానమునకు పోవలసివచ్చునని ఆమె బహిరంగముగ చెప్పుకొనవలసివచ్చెను. మరి కొలది దినములకు, నవంబరు 2న, విరమించుచున్నానని పెద్దయక్షరములతో నొక లేఖ ప్రకటించెను. తుదివరకు చదివినవారికి ఆమె విరమించినది ఆటను గాదు, ఆ మహమ్మారికాలపు భయమును అశాంతిని అని తెలిసినది. తొలిపుటతోనే ఆగినవారు ఆమెను ఆటనుండి సాగనంపిరి. అట్టి శీర్షిక పెట్టుటలో ఆమెకును కొంత చమత్కారాభిలాష యుండెనని మేమెరుగుదుము. అయినను లేఖను చివరివరకు చదువుట విలేఖరి ప్రథమధర్మము గదా.

మహమ్మదు సిరాజు తండ్రి హైదరాబాదులో ఆటో నడిపి కుమారుని పెంచినవాడు. ఆట చెడినపుడు, పోయి తండ్రితో గూడ ఆటో తోలుకొమ్మని జనులు తన్ను ఎగతాళి చేసిరని సిరాజే చెప్పియున్నాడు. 2020 నవంబరులో అతడు ఆస్ట్రేలియాలో నిర్బంధవాసమున నుండగా తండ్రి మరణించెను. ఇంటికి పోవుటకు బోర్డువారు అవకాశమిచ్చినను, తండ్రి కోరిక నెరవేర్చుటకై అచటనే నిలిచెను. 2021 జనవరిలో సిడ్నీ మైదానమున జాతీయగీతమునకు అతని కన్నులు చెమర్చుట ప్రపంచమెల్లయు చూచినది; ఆ మైదానముననే ప్రేక్షకుల జాతిదూషణమును సహించెను; బ్రిస్బేనులో ఒక ఇన్నింగ్సున 73 పరుగులకు 5 వికెట్లు తీసెను. స్వదేశమునకు తిరిగివచ్చి విమానాశ్రయమునుండి తిన్నగా తండ్రి సమాధికడకు పోయెను. అచట అతడు మోకరించి ప్రార్థించుచున్న ఛాయాచిత్రము పత్రికలలో ప్రకటింపబడినది. మేమును చూచితిమి, చూచి కంటతడి పెట్టితిమి. కాని కొడుకు తండ్రి గోరీకడకు పోయిన ఆ ఘడియయందైనను అతనిని ఒంటరిగ విడువలేమా యను ప్రశ్న చాల ఆలస్యముగా మాకు తోచినది.

ఇపుడు ఎదుటిపక్షమువారి మాట. ఆటగాండ్రు కోట్లు ఆర్జించుచున్నారు, ఆ ధనము ప్రచారమువలన వచ్చుచున్నది, కావున మాటలాడుట వారి ఒప్పందములోని పని యందురు. ఒప్పందమున్న మాట నిజమే. ఏ రైతైనను పాలేరుతో ఒప్పందము చేసికొనును. జ్వరముతో పండుకొన్నవానిని లేపి పొలమునకు తోలినచో దానిని ఒప్పందమనరు, వెట్టి యందురు. మోకాలు వాచినచో ఆటనుండియే తప్పుకొనుటకు వైద్యుని పత్రము చాలును. మనస్సు గాయపడినచో విలేఖరుల సమావేశమునుండి తప్పుకొనుటకేల చాలదు? 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, చికిత్సలో నున్నవాని సమాచారమును అతని సమ్మతి లేనిదే పత్రికల కీయరాదని శాసించినది. పార్లమెంటు గుర్తించిన ఈ మర్యాదను ఆటలపోటీలవారు గుర్తింపకుండుట వింత.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. దానిని మేము త్రోసివేయజాలము. పత్రికలు లేనిచో ఆటగాండ్రకే దిక్కుండదు. 2023 జనవరిలో కుస్తీవీరులును వీరవనితలును ఢిల్లీలో జంతర్ మంతర్‌కడ గూర్చుండి తమ సమాఖ్య యధ్యక్షునిపై అభియోగములు చేసినపుడు, విలేఖరులు చుట్టును లేకున్నచో వారి గోడు ఎవరు విందురు? నిజమే. కాని ఆ దినమున వారిని జరిమానా బెదరింపుతో ఎవరును పిలువలేదు. చెప్పవలసినది యుండి, తామై వచ్చిరి. నాడు ప్రశ్నలకు జవాబీయవలసినవారు సమాఖ్యను నడుపువారు.

మేము చెప్పదలచినది ఈ చోటనే యున్నది. నిర్బంధమంతయు శ్రమించినవానిమీద, అధికారము చేతనున్నవారిమీద లేదు. ఆటగాని నేల తీసివేసితిరి, గాయముతో నేల ఆడించితిరి, ధనమేమైనదని సమాఖ్యల అధ్యక్షులను కార్యదర్శులను ఆట ముగిసిన అరగంటలోపల గూర్చుండబెట్టి అడుగు నియమమెచ్చటనైన నున్నదా? 2019 ఏప్రిలులో ప్రపంచపుపోటీ జట్టునకు అంబటి రాయుడును కాదని విజయ్ శంకరు నెన్నుకొన్నపుడు, ఎన్నికసంఘాధ్యక్షులు ఎం. ఎస్. కె. ప్రసాదుగారు విలేఖరులయెదుట కారణము చెప్పిరి. ఆ కారణము సరియో కాదో జనులు తర్కించుకొనిరి. రాయుడు త్రిపరిమాణపు కండ్లద్దములు తెప్పించుకొంటినని ఒక్క వాక్యముతో వెక్కిరించెను. ఇద్దరును మన గుంటూరువారే! కారణము చెప్పవలసినవారు చెప్పిరి. ఆటగాడు తనకు తోచినపుడు తోచినంత పలికెను. ప్రజలకు కావలసినదంతయు తెలిసినది.

ఒలింపిక్సులో ఒక మధ్యమార్గము చిరకాలముగ నడచుచున్నది. ఆటగాడు విలేఖరులు నిలిచియుండు దారిగుండ నడచిపోవలెను. నిలిచి మాటలాడుట అతని యిష్టము. మాటలాడువారు మాటలాడుచునే యున్నారు. ఆ పద్ధతి యన్ని పోటీలకును చాలును. జరిమానాలు తీసివేసినచో మంచి ప్రశ్న లడుగువారికే జవాబులు వచ్చును, తక్కినవారికి రావు; మా వృత్తికి దానివలన మేలేగాని కీడు లేదు. మన వృత్తికి సంజయుడు ఆదిపురుషుడని వేడుకకు చెప్పుకొందుము. అర్జునుడు గాండీవము జారవిడిచి చతికిలబడినపుడు ఆయన చెంతకు పోయి సంజయుడేమియు నడుగలేదు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పెను. అర్జునుడు తన దుఃఖమును చెప్పుకొన్నది ఒక్క సఖునితో.

పండుగదినములలో దివిసీమ గ్రామములందు జరుగు కబడ్డీ పోటీలకు మా విలేఖరిని పంపుచుందుము. కొన్నియేండ్ల క్రిందట ఆ పనిమీద మేమే పోయి, ఒక్క పాయింటుతో ఓడిన జట్టులోని పదునేడేండ్ల కుఱ్ఱవానిని, కడపటి కూతలో కాలేల తడబడినదని గీతకడనే పట్టుకొని యడిగితిమి. వాడు మాటాడలేదు. మరునాడు మేము, ఆటగాడు నిరుత్తరుడయ్యెనని వ్రాసితిమి. మరుసటి యేడు వాడు ఆటకు రాలేదు. కారణము మా వ్రాతయే యని చెప్పలేము, కాదనియు చెప్పలేము. ఈ యేటి పండుగకు పోవు విలేఖరికి, ఓడినవారు స్నానము చేసి అన్నము తిన్న పిమ్మట, రమ్మనినవారికడకు మాత్రమే పొమ్మని చెప్పియున్నాము. వార్త ఒక దినము ఆలస్యముగా రావచ్చును. పాఠకులు మన్నింతురు గాక.