కూలి తల్లుల ఒంట్లో దొరికిన సాక్ష్యం

పత్తి చేలో నిన్న మందు కొట్టారు. ఇవాళ కలుపుకు ఆడకూలీలు దిగారు. సాయంత్రానికి ఒకామెకు తల తిరిగింది, వాంతులయ్యాయి. “ఎండదెబ్బేలే అమ్మా, మజ్జిగ తాగి పడుకో” అన్నాడు ఆసామి. మర్నాడు లేవలేకపోయింది, ఆనాటి కూలి పోయింది. ఈ సంగతి ఎక్కడా ఒక్క అక్షరం రాసుకున్నవాడు లేడు. ఇలాంటి కథ మన జిల్లాల్లో ఏ ఊళ్ళో అడిగినా వినబడుతుంది. ఎవరైనా గట్టిగా నిలదీస్తే మాత్రం కంపెనీవాళ్ళు ఒకటే ప్రశ్న వేస్తారు: “మందువల్లేనని రుజువేదీ?”

రుజువు ఉంది. దాన్ని లోకానికి ఇచ్చింది మనలాంటి కూలి తల్లులే. ఆ సంగతి మన వ్యవసాయ కార్మికులందరికీ తెలియాలి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో సాలినాస్ లోయ అని ఉంది. దేశానికంతటికీ ఆకుకూరలూ, స్ట్రాబెర్రీ పండ్లూ పంపే నేల అది. ఆ చేలల్లో నడుం వంచేది ఎక్కువగా మెక్సికో నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు. 1970లో సీజర్ చావెజ్ నాయకత్వాన యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్ సంఘం పెద్ద సమ్మె నడిపింది ఈ లోయలోనే. కూలి రేట్లతో పాటు పురుగుమందుల నుంచి రక్షణ కూడా ఆ సంఘం కోర్కెల్లో ఒకటి. 1988లో చావెజ్ 36 రోజులు నిరాహారదీక్ష పట్టింది కూడా ఈ విషాల మీదనే.

1999-2000 సంవత్సరాల్లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రం వాళ్ళు, బ్రెండా ఎస్కెనజి అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో, ఆ లోయలో 601 మంది గర్భిణీ స్త్రీలను తమ పరిశోధనలో చేర్చుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు ‘చామకోస్’. మెక్సికో వాళ్ళ వాడుకలో ఆ మాటకు పిల్లకాయలు అని అర్థం. కడుపుతో ఉన్న తల్లుల మూత్రం పరీక్షించి, ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందుల అవశేషాలు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. మన రైతులు ఎరిగిన క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ ఈ జాతివే. బిడ్డలు పుట్టాక వాళ్ళను వదిలిపెట్టలేదు. వాళ్ళ ఎదుగుదల, మాట, చదువు, జబ్బులు ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చారు.

2011లో ఫలితం అచ్చయింది. ఏడేళ్ళ వయసు వచ్చిన 329 మంది పిల్లల తెలివితేటలు పరీక్షించి చూశారు. తల్లి కడుపులో ఉండగా అందరికన్నా ఎక్కువ మందు సోకిన ఐదోవంతు పిల్లలకు, అందరికన్నా తక్కువ సోకిన ఐదోవంతు పిల్లలకన్నా సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయి. అదే సంవత్సరం న్యూయార్క్ నగరంలో వేరే తల్లుల మీద జరిగిన రెండు పరిశోధనలు కూడా ఇదే దారి చూపించాయి. ఒక్క పిల్లవాడి విషయంలో 7 పాయింట్లు పెద్దగా కనపడకపోవచ్చు. ఒక కూలిపేట పిల్లలందరికీ అంత తగ్గితే, బడిలో వెనకబడేవాళ్ళు ఎందరు పెరుగుతారో ఆలోచించండి. “కూలోళ్ళ పిల్లలకు చదువు ఎక్కదు” అని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళు, ఆ చదువును కడుపులోనే ఎవరు దొంగిలించారో చెప్పగలరా?

ఇది అమెరికా పిల్లలకు మాత్రమే పట్టే పీడ కాదు. మన ఒంట్లో నరాల మధ్య కబురు మోసే పదార్థం ఒకటి ఉంటుంది. పని అయిపోగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఇంకొకటి ఉంటుంది. ఈ మందులు ఆ ఎంజైమును పట్టి కట్టేస్తాయి. పురుగు చచ్చేదీ అందుకే, మందు కొట్టినవాడికి చొంగ కారేదీ, చూపు మసకలయ్యేదీ అందుకే. ఈ విషాన్ని విరిచే శక్తి పెద్దల రక్తంలో కొంత ఉంటుంది. పసిబిడ్డల్లో అది చాలా తక్కువని కూడా బర్క్లీవాళ్ళే చూపించారు. అదే పిల్లలు పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక 2023లో మరో ఫలితం వచ్చింది. చిన్నతనంలో గ్లైఫోసేట్ గడ్డిమందు అవశేషాలు ఒంట్లో ఎక్కువగా ఉన్నవాళ్ళలో కాలేయం వాపు, చక్కెర జబ్బుకు దారితీసే లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి.

సరే, రుజువు దొరికింది. దొరకగానే మందు ఆగిందా? లేదు. ఇక్కడే అసలు పాఠం ఉంది. క్లోరిపైరిఫాస్‌ను ఆపాలని 2007లోనే ప్రజా సంస్థలు అర్జీ పెట్టాయి. 2017లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చింది. యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్ వంటి సంఘాలు కోర్టుకెక్కాయి. కాలిఫోర్నియాలో 2020లో దాని అమ్మకం ఆగింది. 2021లో కోర్టు మొట్టికాయ వేశాక, ఆహార పంటల మీద దాన్ని వాడకుండా అమెరికా ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. పెద్ద రైతుల సంఘాలు ఊరుకోలేదు. 2023లో మరో కోర్టుకు పోయి ఆ ఉత్తర్వును కొట్టేయించాయి. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందంలోని దేశాలు ఈ మందును నిర్మూలించాల్సిన విషాల జాబితాలో చేర్చాలని తీర్మానించాయి, అదీ కొన్ని మినహాయింపులతో. శాస్త్రం సాక్ష్యం చెబుతుంది గానీ తీర్పు అమలు చెయ్యదు. అది సంఘటిత బలం ఉన్నవాడి చేతిలోనే ఉంటుంది.

ఇక మన సంగతి చూద్దాం. రేగు, నిమ్మజాతి, పొగాకు పంటలకు మాత్రం క్లోరిపైరిఫాస్ ఆపమని కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అంటే మిగతా పంటల కూలీలు మనుషులు కాదన్నమాట! ఈ మందును కనిపెట్టి అమ్మిన డౌ కంపెనీ, భోపాల్ హంతక యూనియన్ కార్బైడ్‌ను 2001లో కొనుక్కున్నది కూడా. 2007లో ఆ డౌ కంపెనీ అమెరికాలో 3,25,000 డాలర్ల జరిమానా కట్టింది. మన దేశంలో తన పురుగుమందుల రిజిస్ట్రేషన్ త్వరగా జరగటానికి దాని అనుబంధ సంస్థ అధికారులకు ముడుపులిచ్చిందన్నది అక్కడి నేరారోపణ. కంపెనీ దాన్ని ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు, డబ్బు కట్టి బయటపడింది.

మన దగ్గర లెక్కలు తియ్యటం సాధ్యం కాదా? సాధ్యమే. 2003లో హాలెండు వాగెనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లో మూడు ఊళ్ళల్లో 50 మంది పత్తి సాగు చేసే ఆడవాళ్ళ చేత, తమకూ తమ ఇంటి మగవాళ్ళకూ మందు సోకినప్పుడు ఏమయిందో రాయించారు. 323 సందర్భాలు నమోదయ్యాయి. వాటిలో నూటికి 83కు పైగా సందర్భాల్లో విషం సోకిన గుర్తులు కనబడ్డాయి. కొందరి పరిస్థితి చాలా తీవ్రంగా ఉన్నా ఒక్కరూ ఆస్పత్రికి పోలేదు. మందు కలిపి డబ్బాలు నింపే ఆడవాళ్ళకూ కొట్టే మగవాళ్ళంత ప్రమాదమేనని తేలింది. పెద్ద ఆసాములకన్నా పేద రైతులకే తీవ్రమైన విషం ఎక్కువసార్లు సోకింది. విషానికి కూడా వర్గం తెలుసు!

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మన తగాదా రెండెకరాల రైతుతో కాదు, కౌలు రైతుతో అసలే కాదు. వాడూ డబ్బా వీపున వేసుకుని, మనతో పాటే ఆ గాలి పీలుస్తున్నాడు. మందు అప్పుకిచ్చి, పంట తనకే అమ్మమనే షాపువాడి చేతిలో వాడి జుట్టు కూడా ఉంది. కూలీ, పేద రైతూ కలిసి అడగాల్సిన కోర్కెలివి.

పురుగుమందుల చట్టం 1968లోనే వచ్చింది. విషం సోకిన సంఘటనలు తెలియజెయ్యాలని ఆదేశించే అధికారం దాని 26వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ఆదేశం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అమలు జరగాలి, ప్రతి కేసూ రిజిస్టరుకెక్కాలి. మందు కొట్టేవాళ్ళకు వైద్య పరీక్షలు, రక్షణ దుస్తులు, ప్రథమ చికిత్స ఉండాలని 1971 నిబంధనల్లో రాసి ఉంది. అవి కాగితం దిగి చేలోకి రావాలి. మందు కొట్టిన చేలోకి ఎన్ని రోజుల దాకా కూలీలను దించకూడదో గట్టు మీద బోర్డు పెట్టాలి. గర్భిణులకు ఆ పని చెప్పకూడదు, చెప్పనందుకు కూలి తెగ్గొయ్యకూడదు. చేతులు కడుక్కోవటానికి సబ్బూ నీళ్ళూ, చేతి తొడుగులూ, మార్చుకోవటానికి బట్టలూ ఇస్తే ఒంట్లో చేరే మందు తగ్గుతుందని సాలినాస్ స్ట్రాబెర్రీ కూలీల దగ్గరే తేలింది. అయితే తొడుగులిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఇలాంటి మందుల్ని మార్కెట్ నుంచే తీసెయ్యాలి.

మన విశ్వవిద్యాలయాలూ, వైద్య కళాశాలలూ మిరప తోటలకూ, పత్తి చేలకూ రావాలి. మన తల్లుల్నీ పిల్లల్నీ ఏళ్ళ తరబడి చూసి, తేలిన సంగతి ముందు మనకే, మన భాషలో చెప్పాలి. వాళ్ళు వచ్చేదాకా మనం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు. ఏ రోజు, ఎవరి చేలో, ఏ మందు, ఎవరికి ఏమయింది అని ప్రతి ఊరి సంఘం రాసి ఉంచాలి. రేపు “రుజువేదీ?” అని అడిగినవాడి ముందు పెట్టాల్సింది ఆ పుస్తకమే.